వయ్యారిభామ

పిల్లలారా! చెరకు కోసిన పొలాల గట్ల మీద, బడికి వచ్చే దారి ప్రక్కన, ఖాళీ స్థలాలలో ఎన్నో కలుపు మొక్కలు మొలుస్తాయి. వాటిలో ఒక మొక్కను మీరు తప్పక గుర్తుపట్టవలెను. తెలుగులో దాని పేరు వయ్యారిభామ. శాస్త్రజ్ఞులు దానిని పార్థీనియం అంటారు.

వయ్యారిభామ అనగా ఒయ్యారంగా నడిచే స్త్రీ. గాలి వీచినపుడు ఈ మొక్క సన్నని కొమ్మలతో ఊగుతుంది. అందుకే కాబోలు ఆ పేరు వచ్చినది. పేరు అందమైనదే కాని, మొక్క మంచిది కాదు.

ముందుగా ఆకును చూడండి. మొక్క చిన్నదిగా ఉన్నపుడు కాండం కనిపించదు. ఆకులన్నీ నేలను కరచుకొని పళ్ళెంలాగా గుండ్రంగా పరచుకొంటాయి. వాటి క్రింద గడ్డి మొలవలేదు. ఆకు లేత ఆకుపచ్చగా ఉంటుంది. దాని అంచులు లోతుగా చీలి ఉంటాయి. క్యారెట్ ఆకును చూచారు కదా! ఇదీ దాదాపు అలాగే ఉంటుంది. కొందరు దీనిని బంతి మొక్క అనుకొంటారు. కాని బంతి మొక్క చిన్నప్పటి నుండే నిటారుగా నిలుస్తుంది.

తరువాత కాండం లేస్తుంది. దాని మీద నిలువు గీతలు, సన్నని నూగు ఉంటాయి. పై భాగంలో కొమ్మలు చాలా వస్తాయి. మొక్క ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. మంచి నేలలో రెండు మీటర్లు కూడా పెరుగుతుంది.

ఇక పువ్వు. మొలచిన నాలుగు వారాలకే పూయగలదు. పువ్వు తెల్లగా, కందిపప్పు బద్దంత ఉంటుంది. దగ్గరగా చూస్తే దానికి అయిదు మూలలు కనిపిస్తాయి. ఇదే అసలైన గుర్తు. నిజానికి అది ఒక్క పువ్వు కాదు, చాలా చిన్న పువ్వుల గుత్తి. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు పూలు కూడా ఇటువంటివే. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వయ్యారిభామ గుత్తిలో అయిదు మూలల వద్ద ఉన్న అయిదు పువ్వులే గింజలనిస్తాయి. అంటే గుత్తికి అయిదు గింజలు. ఇంతేనా అనుకోకండి! ఒక పెద్ద మొక్క 15,000 గింజలను కూడా ఇవ్వగలదు. అవి గాలికి, వాన నీటికి, బండి చక్రాల బురదకు అంటుకొని దూరం పోతాయి.

ఈ మొక్కను మాటిమాటికి తాకితే కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీల్చితే తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఆవులు, మేకలు సాధారణంగా దీనిని తినవు. వేరే మేత లేక తింటే పాలు చేదెక్కుతాయి. ఎక్కువగా తింటే పశువులకు జబ్బు చేస్తుంది.

దీని పుట్టిల్లు అమెరికా ఖండం. భారతదేశంలో 1955లో పూణే నగరం వద్ద దీనిని గమనించారు. తరువాత అది దేశమంతటా వ్యాపించినది. మన పెద్దలు కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ వచ్చిన కాలంలో గోదావరి పొలాలలో ఈ బెడద లేదు. కనుక ఈ పేరు వారితో ఓడలో రాలేదు. మనం ఇప్పుడు నేర్చుకొంటున్నాము.

దీనిని పూయక ముందే, వాన కురిసి నేల మెత్తబడినపుడు, వేరుతో సహా పెరకవలెను. కాండం మాత్రం తెంపితే మొదలు నుండి మళ్ళీ చిగురిస్తుంది. ఇది పెద్దల పని. వారు చేతి తొడుగులు వేసుకొని చేయవలెను. మీరు ఒట్టి చేతులతో తాకకండి, నలిపి వాసన చూడకండి. ఎక్కడ ఉన్నదో చూచి ఇంటిలో చెప్పండి.

కొత్త మాటలు
కలుపు మొక్క – పైరులో మనం నాటకుండా మొలిచే మొక్క
నూగు – సన్నని వెంట్రుకలు
పుప్పొడి – పువ్వులోని పొడి
బెడద – బాధ పెట్టే సమస్య

ప్రశ్నలు
1. చిన్న వయ్యారిభామకు, చిన్న బంతి మొక్కకు తేడా ఏమి?
2. పువ్వు గుత్తికి ఎన్ని మూలలు ఉంటాయి?
3. మొక్కకు 15,000 గింజలు ఉంటే, దానికి పువ్వు గుత్తులు ఎన్ని?
4. మీ తాతగారిని, నాయనమ్మగారిని అడగండి: ఈ మొక్కను క్రియోల్‌లో ఏమంటారు?