మేనల్లుడి తొట్టికి ఏడు మాటలు

ఎల్లారెడ్డిలో కొత్తిల్లు కడుతున్న మేనల్లుడు ఫోన్ చేశాడు. ‘మామా, హాల్లో నీ చేపల తొట్టి లాంటిదే పెట్టుకుంటా, ఏమేం కొనాలి?’ అని. కొనేవాటి చిట్టా దుకాణపోడే రాసిస్తాడు. కామారెడ్డిలో నేను పడ్డ తిప్పలు రాసి పంపుతున్నా.

1. ముందు బరువు చూసుకో. పొడవు ఐదడుగులు, వెడల్పు, ఎత్తు రెండేసి అడుగులు పెడితే 566 లీటర్లు పడతాయి. నీళ్ళే ఐదున్నర క్వింటాళ్ళు దాటాయి, ఇక అద్దాలు, ఇసుక, రాళ్ళు. అంత బరువు ఒక పక్కకు ఒరగకుండా, తొట్టి పెట్టే చోట మేస్త్రి ఉండగానే లెవెల్ గొట్టం పట్టించు.

2. 2015 మార్చిలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్ చెరువు దగ్గరే. ఆ ఎండాకాలం రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకుపోతుంటే నేను రెండు సంచులు అడిగి తెచ్చుకున్నా. ‘దీంట్ల ఏం పండిస్తవ్ సారూ?’ అని నవ్వారు. ఆశకొద్దీ మూడంగుళాలు పరిచా. అడుగు నల్లబడి, కదిపితే కుళ్ళిన గుడ్ల వాసనతో బుడగలు లేచాయి. మొత్తం తోడి పోశా. రెండోసారి జల్లించిన మట్టి ఒక్క అంగుళం, దాని మీద కడిగిన ఇసుక రెండంగుళాలు. వాలిస్నేరియా మొక్క అందులో పసుపు తోటలా పిలకలేసింది. పొలం మట్టి మాత్రం వద్దు, అందులో పురుగుమందు ఉంటుంది.

3. మొక్కలు మొదటిరోజే ఒత్తుగా నాటు. ఖాళీ వదిలితే నాచు కమ్ముకుంటుంది. క్రిప్టోకొరైన్ ఆకులు వారంలో కరిగిపోతాయి, పీకకు. నేను పీకి పారేశా, తీరా చూస్తే వేరు తెల్లగా బతికే ఉంది. అనుబియాస్ దుంపను పూడ్చకుండా కట్టెకు దారంతో కట్టు. లైటు రోజుకు ఎనిమిది గంటలు చాలు.

4. చేపలకు నెలన్నర ఆగు. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్లో పెరగాలి, ఆ నైట్రేట్ మొక్కలకు ఎరువు. నత్తలు కనిపిస్తే గాభరాపడకు. 1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గోల్డ్‌ఫిష్, వాలిస్నేరియా కలిపి పెంచితే, కుళ్ళిన ఆకులతో నీళ్ళు చెడ్డాయి. ఆ ఆకుల్ని తినే నత్తలు వేశాకే తొట్టి నిలబడింది.

5. ఎండాకాలంలో నీళ్ళ మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, కానీ నీళ్ళు గబగబా ఆవిరైపోతాయి. నేను రోజూ బోరు నీళ్ళతో నింపేవాణ్ణి. ఆవిరయ్యేది నీళ్ళే, అందులోని ఉప్పులు ఎటు పోతాయి? మే నెలాఖరుకు అద్దం అంచున సున్నం పట్టింది, మొక్కల చివుళ్ళు ముడుచుకున్నాయి. తరిగినదానికి పట్టి ఉంచిన వాన నీళ్ళు పొయ్యి. వారానికోసారి పావు వంతు తీసి కొత్తవి పొయ్యి. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోయేందుకు టబ్బులో ఒక రోజు ఉంచు.

6. 2025 ఆగస్టు చివర కామారెడ్డిని వాన ముంచిన రాత్రి మా వీధిలో కరెంటు లేదు. మొక్కలున్నాయి కదా, ఆక్సిజన్‌కు కొదవేంటనుకున్నా. చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ పీల్చుకునేవే. మూడింటికి టార్చి వేస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మీ అత్తా నేనూ వంతులేసుకుని, చెంబుతో తొట్టి నీళ్ళే ముంచి జానెడు ఎత్తు నుంచి తెల్లారేదాకా పోశాం. రెండు చచ్చాయి. కరెంటు వచ్చాక ఆగిపోయిన ఫిల్టర్‌ని నేరుగా ఆన్ చేయకు. అందులో మురిగిన నీళ్ళు బయట పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్ళలో పిండి పెట్టు. బ్యాటరీ ఎయిర్ పంపు ఇప్పుడే కొనిపెట్టుకో.

7. గృహప్రవేశం అయ్యాక రా, మూతున్న బకెట్టు తెచ్చుకో. బాక్టీరియా పట్టిన నా ఫిల్టర్ స్పాంజి ఒకటి తొట్టి నీళ్ళలోనే వేసిస్తా. వాలిస్నేరియా పిలకలు మీ అత్త తడి పేపర్లో చుట్టి టిఫిన్ డబ్బాలో పెడుతుంది. బస్సులో కిటికీ పక్కన ఎండలో పెట్టకు.