గుండె బాగుందన్నారు, మరి ఈ మాత్రెందుకు?

ప్రశ్న: నా వయసు 36. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఏడాదిగా ఊరికే గుండె దడ, అరచేతుల్లో చెమటలు. పిల్లలు వచ్చే ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, కాళ్లూ చేతులూ ఆడవు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చిందంటే ఇక తెల్లారేదాకా జాగారమే. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఫిజీషియన్ గారు సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆయన ఎస్సిటాలోప్రామ్ 5 ఎం.జి. వారం రోజులు, తర్వాత 10 ఎం.జి. వేసుకోమన్నారు. రాత్రికి క్లోనజెపామ్ 0.25 రెండు వారాలు మాత్రమే అని రాశారు. మందుల షాపులో ‘ఇది డిప్రెషన్ మాత్ర మేడమ్’ అన్నారు. నాకు డిప్రెషన్ లేదు. నాలుగు రోజులు వేసుకునేసరికి వికారం పట్టుకుంది, దడ ఇంకా పెరిగింది. మానేశాను. రాత్రి మాత్ర మాత్రం హాయిగా ఉంది, నెలన్నరగా అదొక్కటే వాడుతున్నాను. ఇలాంటివి అలవాటైతే జన్మంతా వదలవని మా అత్తయ్య భయపెడుతున్నారు. పోనీ 5 ఎం.జి.తో సరిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు ఉంచుకోవాల్సిన మాత్రను ఆపేసి, ఆపాల్సిన మాత్రను ఉంచుకున్నారమ్మా. మీ అత్తయ్యగారి భయం సరైనదే, కాకపోతే అది పడాల్సింది మీరు హాయిగా ఉందంటున్న మాత్ర మీద. క్లోనజెపామ్ వేసుకున్న గంటలోపే నెమ్మది తెస్తుంది, అందుకే మనసు దాని వెనకాలే పోతుంది. వారాలు గడిచేకొద్దీ అదే డోసు చాలనట్టు అనిపిస్తుంది, మానితే నిద్ర పట్టదు. సైకియాట్రిస్టు రెండు వారాలని గీత గీసింది అందుకే. అలాగని ఈ రాత్రే ఠక్కున మానేయకండి. నెలన్నర వాడారు కాబట్టి కొద్దికొద్దిగా తగ్గించే లెక్క ఆయన చేతే రాయించుకోండి.

ఇక పేరు సంగతి. ఒకప్పుడు జ్వరానికీ ఒళ్లునొప్పులకూ వాడిన ఆస్పిరిన్‌ను ఇప్పుడు గుండెజబ్బు వాళ్లకు ఇస్తున్నాం. ఇదీ అంతే. ఎస్సిటాలోప్రామ్‌కు అమెరికాలో 2002లో డిప్రెషన్‌కు అనుమతి వచ్చింది, మరుసటి ఏడాదే జనరలైజ్డ్ యాంగ్జైటీ అనే ఆందోళన జబ్బుకూ వచ్చింది. మీ దడ, చెమటల వెనక ఉన్న ఈ ఆందోళన జబ్బుకు మొదట రాసే మందుల్లో ఇదొకటి. చీటీలో ఈ మాత్ర ఉందని మీకు డిప్రెషన్ ఉన్నట్టు కాదు.

వికారం, పెరిగిన దడ మీ ఊహ కాదు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తిరిగి కణాల్లోకి పోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. ఆ పని మొదటి రోజే మొదలవుతుంది. కానీ ఆ మార్పుకు మెదడు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా కొందరిలో గాభరా కాస్త ఎక్కువవుతుంది. ఒంట్లోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం ఉండేది పేగుల్లోనే, అందుకే వికారం, ఒకటి రెండు విరేచనాలు. తలనొప్పి, ఆవులింతలు, చెమట కూడా ఉండొచ్చు. చాలామందిలో ఇవన్నీ వారం, పది రోజులకు సద్దుమణుగుతాయి. మేలు కాస్త కనిపించేది రెండో వారం తర్వాత, స్పష్టంగా తెలిసేది నాలుగు నుంచి ఆరు వారాలకు. అంటే కష్టం ముందొస్తుంది, సుఖం తర్వాతొస్తుంది. ఆందోళన ఉన్నవాళ్లు గుండె చప్పుడులో చిన్న తేడాను కూడా పట్టేస్తారు కాబట్టి సరిగ్గా ఈ మధ్యలోనే మందు వదిలేస్తారు. చిన్న డోసుతో మొదలుపెట్టేది ఈ పది రోజులు గట్టెక్కడానికే, జబ్బు చిన్నదని కాదు.

కాబట్టి 5 ఎం.జి. ఒక మెట్టు. కొందరికి అక్కడే సరిపోతుంది, ఎక్కువమందికి 10 కావాలి. అవసరమైతే 20 దాకా వెళ్తాం. ఈసారి ఇంకా నెమ్మదిగా, సగం మాత్రతో మొదలుపెట్టి వారానికో మెట్టు ఎక్కొచ్చేమో మీ డాక్టరును అడగండి. అడిగితే కోప్పడే డాక్టర్లు తక్కువే. ఉదయం టిఫిన్ తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. స్టాఫ్‌రూములో టీలు, కాఫీలు మూడు నాలుగు నడుస్తుంటే మొదటి రెండు వారాలైనా ఒకటికి దించండి. లేదంటే కాఫీ తెచ్చే దడకు మందును తిట్టుకుంటాం.

మేలు అంటే ఉత్సాహం పొంగిపొర్లడం అనుకోకండి. ఆటో రాలేదని గడియారం చూస్తారు, చూసి మళ్లీ కూర కలుపుకుంటారు. అంతే తేడా.

అలవాటు గురించి: ఎస్సిటాలోప్రామ్ కోసం ఒళ్లు పీకదు, డోసు పెంచమని మనసు పోరు పెట్టదు. కానీ కొన్ని నెలలు వాడి ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు తగిలినట్టు జిల్లుమనడం ఉండొచ్చు. ఆపేటప్పుడు వారాల తరబడి మెల్లగా దించాలి. పూర్తిగా కుదుటపడ్డాక మరో ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి అప్పుడు తగ్గిస్తాం. మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం కావచ్చు.

ఎవరూ నోరు విప్పి అడగని సంగతి ఒకటుంది, నేనే చెప్తున్నాను. ఈ మందుతో దాంపత్య జీవితంలో కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం కొందరికి ఉంటుంది, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. ఓర్చుకుని ఊరుకోవద్దు. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. కొందరు కొంచెం బరువు కూడా పెరుగుతారు.

మీకుగానీ ఇంట్లో ఎవరికైనాగానీ బైపోలార్ జబ్బు ఉందా, మీరు గర్భం ప్లాన్ చేస్తున్నారా అన్నది మొదటే చెప్పాలి. నొప్పులకు ట్రమడాల్, మైగ్రేన్‌కు సుమట్రిప్టాన్ వంటివి వాడుతుంటే అదీ చెప్పండి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్‌లాంటివి షాపులో కొనేసి దీంతో కలిపి వాడితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇంకో జాగ్రత్త: మన మార్కెట్‌లో ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ ఒకే మాత్రలో కలిపి కూడా అమ్ముతారు. షాపులో ‘అదే మందు మేడమ్’ అని చేతిలో పెడితే తీసుకోకండి, అందులో మీరు మానాల్సిన క్లోనజెపామ్ ఉంటుంది.

ఒక్కచోట కుదురుగా కూర్చోలేనంత అలజడి, చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, ఆ రోజే డాక్టరును కలవాలి. ఈ ముప్పు 25 ఏళ్లలోపు వాళ్లలో ఎక్కువ. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మందు వద్దే వద్దనుకుంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది, ఆందోళనకు బాగా పనిచేస్తుంది. కుదిరితే రెండూ కలిపి చేయడం నయం.

ప్రశ్న: మా నాన్నగారికి 71. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతారు. ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్ 5 ఎం.జి. మొదలుపెట్టి మూడు వారాలైంది. నాలుగు రోజులుగా మగతగా ఉంటున్నారు, నడకలో తూలుతున్నారు, నిన్న నన్ను తమ్ముడి పేరుతో పిలిచారు. వయసు ప్రభావమేనా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: వయసు మీదకు నెట్టకండి. ఈ రోజే సీరమ్ ఎలక్ట్రోలైట్స్ పరీక్ష చేయించండి. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. పెద్ద వయసులో ఈ మందుకు ఆ రకం బీపీ మాత్ర తోడైతే అది పడిపోవడం మేం తరచూ చూసేదే. రిపోర్టుతోపాటు ఆయన వాడే అన్ని మాత్రల అట్టలూ పట్టుకెళ్లండి. ఏది ఆపాలో డాక్టరు చెప్తారు. నీరసమని గ్లాసులకు గ్లాసులు మంచినీళ్లు తాగించకండి, సోడియం ఇంకా పడిపోతుంది. ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.