విదేశీ ప్రయాణం – ముందుగా సరిచూసుకోవలసినవి



విదేశీ ప్రయాణం అనగానే మనకు ముందుగా విమానం గుర్తుకొస్తుంది. నిజానికి ఆ ప్రయాణం మొదలయ్యేది పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర. ఈ సంగతి మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. మీకు ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పీజీ చదువుతున్న మేం నలుగురం గత ఏడాది జర్మనీలో పది రోజుల వేసవి శిక్షణకు ఎంపికయ్యాం. అందరం సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో పెరిగినవాళ్ళమే. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం కూడా మేమే. అడిగి తెలుసుకుందామంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎంపిక ఉత్తరం మార్చిలో వచ్చింది, శిక్షణ జూలైలో. నాలుగు నెలల సమయం ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. చివరికి విమానం ఎక్కింది ముగ్గురమే.

1. పేరు

మాలో ఒకరికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఇంకొకరికి అమ్మ పేరు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉంది. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పేరు పూర్తిగా రాయాలి. ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి ఉంటాయి. విమానం టికెట్టు కూడా సరిగ్గా అలాగే ఉండాలి. ఆధార్ సవరించుకోవడం కొంత తేలిక. పదో తరగతి సర్టిఫికెట్‌లో తప్పు పడితే మాత్రం ప్రధానోపాధ్యాయుల ద్వారా ప్రభుత్వ పరీక్షల కార్యాలయం దాకా వెళ్ళాలి.

2. పాస్‌పోర్టు

36 పేజీల పాస్‌పోర్టుకు మామూలు రుసుము 1500 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2000 అదనం. పెద్దవాళ్ళకు పదేళ్ళు చెల్లుతుంది. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ జతచేస్తే ఈసీఆర్ ముద్ర పడదు. పనికోసం గల్ఫ్ వెళ్ళే మన ఊరివాళ్ళకు ఈ ముద్ర సంగతి బాగా తెలుసు. అది ఉన్నవారు కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

మా నాలుగో మిత్రుడు ఆగిపోయింది ఇక్కడే. దరఖాస్తులో ఊరి చిరునామా ఇచ్చాడు. పోలీసు విచారణకు వచ్చిన రోజు ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మానాన్నలు మిరపకాయల కోతకు వలస వెళ్ళారు, వాడు క్యాంపస్‌లో ఉన్నాడు. ఇక్కడ ఎవరూ ఉండటం లేదని రిపోర్టు వెళ్ళింది. మళ్ళీ విచారణ జరిగి పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి మేం తిరిగి వచ్చేశాం. వాడి తప్పేమీ లేదు. ఆ వారం ఇంటి దగ్గర ఉండాలని చెప్పేవాళ్ళే లేకపోయారు.

3. వీసా

జర్మనీకి షెంజెన్ వీసా కావాలి. ఐరోపాలో 29 దేశాలకు ఇది ఒక్కటే సరిపోతుంది. 180 రోజుల వ్యవధిలో 90 రోజులకు మించి ఉండరాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, ఒక్కోసారి 45 రోజులు కూడా పట్టవచ్చు. రుసుము 90 యూరోలు. వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వడానికి స్వయంగా వెళ్ళాలి. మేం మేలో వెతికితే జూన్ రెండో వారం దాకా తేదీలు దొరకలేదు. పాస్‌పోర్టు రాగానే తేదీ తీసుకోవడం మంచిది.

4. డబ్బు

అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఖర్చులన్నీ మేమే ఇస్తామని పిలిచినవాళ్ళు రాశారు. కానీ ముందు మనం పెట్టుకుంటే రసీదులు చూసి తరువాత ఇస్తారు. టికెట్టు కొనడానికి మాలో ఒకరి అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. ఒకరు చీటీ పాడారు. ఇంకొకరికి అధ్యాపకులు ఒకరు సర్దారు. తిరిగి వచ్చిన రెండు నెలలకు గాని ఆ డబ్బు అందలేదు. వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వరు. అందుకే ఎంపిక ఉత్తరం రాగానే మొదట అడగవలసిన ప్రశ్న ఇది: “టికెట్టు మీరే కొని పంపగలరా?” మేం మొహమాటపడి అడగలేదు. అడగడం తప్పు కాదు.

వీసాకు మూడు నెలల బ్యాంకు లెక్కలు అడిగారు. కూలిపనికి వెళ్ళే నాన్నకు జీతం చీటీ ఉండదు కదా! పిలిచినవాళ్ళు ఖర్చు భరిస్తామని రాసిన ఉత్తరం, యూనివర్సిటీ ఉత్తరం, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం పెట్టాం. సరిపోయాయి.

5. సామాను

పచ్చడి సీసా చేతిసంచిలో పెట్టకండి. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు, మెత్తటి పదార్థాలు ఆపేస్తారు. మాంసం, పాలు, నెయ్యి ఐరోపాలోకి తీసుకువెళ్ళరాదు. ఇంట్లో కాచిన నెయ్యి అమ్మలకు తిరిగి ఇచ్చేసి వెళ్ళాం.

ముగింపు

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ప్రయాణ తేదీ నుంచి వెనక్కి లెక్క వేయండి. వీసాకు రెండు నెలలు, పాస్‌పోర్టుకు రెండు నెలలు, కాగితాల సవరణకు అంతకన్నా ఎక్కువ వదలండి. పదో తరగతి వాళ్ళకు ఒక్క మాట. నామినల్ రోల్స్‌లో సంతకం పెట్టేముందు మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే ఆ రోజే మాస్టారికి చెప్పండి. డిగ్రీలో చేరిన వాళ్ళు పిలుపు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే పాస్‌పోర్టు తీసుకోండి.

మా మిత్రుడి పాస్‌పోర్టు ఇప్పుడు వాడి ట్రంకుపెట్టెలో ఉంది. ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు చేశాడు. ఈసారి వాడికి కావలసింది ఎంపిక ఉత్తరం ఒక్కటే.