ఆశ అక్కకు చెంబెడు నీళ్లు

మన వాడలో ఎవరికన్నా జ్వరం వస్తే ముందు ఎవరికి కబురు పెడతాం? ఆశ అక్కకు. నొప్పులు మొదలైతే? అప్పుడూ ఆశ అక్కకే. చంటిపిల్లకు టీకా ఏ రోజో చెప్పేది ఆమే. అంగన్‌వాడీ టీచరమ్మ, ఆయమ్మ, నర్సమ్మ కూడా ఇటువంటి పనే చేస్తారు. వీళ్లంతా మనల్ని చూసుకునే వాళ్లు. మరి వీళ్లను ఎవరు చూసుకుంటారు?

2020 సంవత్సరం గుర్తుకు తెచ్చుకోండి. మార్చి 22, ఆదివారం. ఆ రోజు జనతా కర్ఫ్యూ. సాయంత్రం అందరం వాకిట్లోకి వచ్చి చప్పట్లు కొట్టాం. పళ్లాలు మోగించాం. ఆ వెంటనే మన రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అయింది. లాక్‌డౌన్ అంటే తాళం వేసినట్టు అన్నీ మూసెయ్యడం. బస్సులు ఆగాయి. బడులు మూశారు. బీడీ కార్ఖానాలు మూశారు. చాటలో ఆకు లేదు, తంబాకు లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 లోనే మూతపడింది. ఉన్న బీడీల పని కూడా పోతే ఇల్లు ఎట్లా గడుస్తుంది? ఆ బాధ మనందరికీ తెలుసు.

అందరం ఇంట్లోనే ఉన్నాం. ఆశ అక్క మాత్రం బయటికి పోయింది.

దుబాయి నుంచి వచ్చిన వాళ్లు ఎవరు, బొంబాయి నుంచి, భీవండి నుంచి వచ్చిన వాళ్లు ఎవరు అని ఇల్లిల్లు తిరిగి రాసుకుంది. పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలని వాళ్లకు చెప్పింది. రోజూ పోయి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగింది. అంగన్‌వాడీ టీచరమ్మ బియ్యం, గుడ్లు, బాలామృతం ఇండ్లకే తెచ్చి ఇచ్చింది. 2021 మే నెలలో రెండోసారి లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు కూడా ఇంటింటి జ్వరం సర్వే చేసింది వీళ్లే. జ్వరం ఉన్న వాళ్లకు గోలీల సంచి ఇచ్చిందీ వీళ్లే.

అవి ఎండాకాలం రోజులు. మన నిజామాబాద్ జిల్లాలో మే నెల ఎండ సంగతి చెప్పాలా? నాట్లకు, కలుపుకు పోయిన మీకు తెలియనిది కాదు. ఆ ఎండలో మూతికి మాస్కు కట్టుకుని తిరగాలి. చాలా చోట్ల మాస్కులు సరిపోలేదు. కొందరు దస్తీ కట్టుకున్నారు. కొందరు కొంగునే చుట్టుకున్నారు.

మన దగ్గర ఒక మర్యాద ఉంది. ఇంటికి ఎవరు వచ్చినా ముందు చెంబుతో నీళ్లు ఇస్తాం. ఆ రోజుల్లో ఆ మర్యాద పోయింది. "నువ్వు అందరి ఇండ్లకు పోయి వస్తున్నవు, మా గడప తొక్కకు" అన్నారు. కొందరు తలుపే తీయలేదు. నీళ్లు అడగడానికి ఆమెకు మొహమాటం. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీళ్లు తాగితే ఒంటికి పోవాలి. పరాయి వాడలో ఎక్కడికి పోతుంది? అందుకని చాలామంది నీళ్లు తాగకుండానే తిరిగారు.

ఇది చిన్న సంగతి అనుకోకండి. నీళ్లు తక్కువ తాగితే, ఒంటికి ఆపుకుంటే, మూత్రంలో మంట వస్తుంది. చలి జ్వరం వస్తుంది. నడుము పక్కల నొప్పి లేస్తుంది. ఎండలో అయితే కళ్లు తిరిగి పడిపోతారు. దవాఖానలో పనిచేసే నర్సమ్మలకు ఇంకా కష్టం. తల నుంచి కాళ్ల దాకా ప్లాస్టిక్ కిట్టు వేసుకుంటే గంటల తరబడి విప్పడానికి లేదు. లోపల అంతా చెమట.

మరి రోగం అంటుకోకుండా నీళ్లు ఇవ్వడం ఎట్లా? కష్టమేమీ లేదు. అరుగు మీద ఒక బిందె, గ్లాసు, సబ్బు పెట్టి మీరు రెండు బారల దూరం జరగండి. ఆమె చేతులు కడుక్కుని తాగుతుంది. తర్వాత గ్లాసు సబ్బుతో తోమండి. మీ మరుగుదొడ్డి వాడుకోమని మీరే చెప్పండి. ఆమె అడిగే దాకా చూడకండి.

శరీరం బాధ కంటికి కనిపిస్తుంది. మనసు బాధ కనిపించదు. సాయంత్రం ఆమె ఇంటికి వస్తుంది. చిన్న పిల్ల ఉరికి వస్తుంది. "దగ్గరికి రాకు బిడ్డా" అంటుంది తల్లి. బయటే స్నానం చేసి, చీర సర్ఫులో నానబెట్టి, అప్పుడు లోపలికి పోతుంది. అయినా భయమే. నా వల్ల పిల్లలకు వస్తే? ముసలి అత్తకు వస్తే? అటువంటప్పుడు రాత్రి నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఊరికే కోపం వస్తుంది, ఊరికే ఏడుపు వస్తుంది. తల బరువుగా ఉంటుంది. చెప్పిన మాట మరిచిపోతుంది. ఇది పిచ్చి కాదు. దయ్యం కాదు. విశ్రాంతి లేక మనసు అలసిపోవడం.

అప్పుడు "ఎట్లున్నవక్కా?" అని ఒక మాట అడగండి. సలహాలు తర్వాత. ముందు వినండి. నెమ్మది కాకపోతే డాక్టరుకు చూపించాలి. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. దాని పేరు టెలీ మానస్. నంబరు 14416. పైకి చదవండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. పైసలు పడవు. తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ఆశ అక్కకే కాదు, మీకూ పనికి వస్తుంది. ఇంట్లో మంచం పట్టిన అత్తకు, మామకు సేవ చేసి అందరి తర్వాత ఉన్నది తినే కోడలు కూడా ఆశ అక్క లాంటిదే. ఆమెకు జీతమూ లేదు, పేరూ లేదు. సేవ చేసే పనిని ఇంట్లో మగవాళ్లు కూడా వంతు వేసుకోవాలి. ఒక పూట బువ్వ వండితే మగతనం ఏమీ తగ్గదు.

ఇక పైసల సంగతి. ఆశ పథకం 2005 లో వచ్చింది. ఆశ అక్క ప్రభుత్వ ఉద్యోగి కాదు. చేసిన పనిని బట్టి ఆమెకు ప్రోత్సాహకం ఇస్తారు. కరోనా పనికి కేంద్ర ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు అదనంగా ఇచ్చింది. నెలంతా తిరిగినందుకు అది ఏ మూలకు? మీరే లెక్క వేయండి. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని ఆశలందరికీ కలిపి ఒక అవార్డు ఇచ్చింది. వాళ్లు దాదాపు పది లక్షల మంది. సంతోషమే. కాని అవార్డుతో ఇంటి కిరాయి కట్టలేం కదా.

కిరాయి అంటే గుర్తుకు వచ్చింది. ఆ రోజుల్లో దేశంలో చాలా చోట్ల నర్సులను, డాక్టర్లను ఇల్లు ఖాళీ చేయమన్నారు. కొన్ని చోట్ల కొట్టారు కూడా. అందుకని 2020 ఏప్రిల్ 22 న కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని మార్చింది. అంటువ్యాధి కాలంలో ఆరోగ్య కార్యకర్తను కొట్టినా, పనికి అడ్డం వచ్చినా, ఉన్న చోట ఉండనీయకుండా వేధించినా నేరమే. మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. గాయం పెద్దదైతే శిక్ష ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి చదువు నేర్చిన మనం బాగా గుర్తు పెట్టుకోవాలి. కరోనా పనిలో చనిపోయిన ఆరోగ్య కార్యకర్త ఇంటి వాళ్లకు 50 లక్షల బీమా ఉండేది. అది 2020 మార్చి 30 న మొదలైంది. ఆశలకు కూడా వర్తించేది. కాని ఆ పైసలు రావాలంటే కాగితాలు చూపించాలి. రోగం ఉన్నట్టు పరీక్ష కాగితం కావాలి. ఆమె ఆ పనిలో ఉన్నట్టు పై అధికారి రాసి ఇవ్వాలి. నోటి మాటతో పనికి పంపితే రేపు ఇంటి వాళ్ల చేతిలో ఏముంటుంది? అందుకే డ్యూటీ వేస్తే కాగితం అడగాలి. తేదీ ఉందా, సంతకం ఉందా, ముద్ర ఉందా చూసుకోవాలి.

ఆశ అక్క ఒక్కతే అడిగితే "రేపు చూద్దాం" అంటారు. సంఘం అడిగితే వింటారు. లాక్‌డౌన్‌లో మాస్కులు కుట్టింది కూడా మహిళా సంఘాలే కదా. కింద ఒక అర్జీ ఉంది. ముందు చదవండి. సంఘంలో మాట్లాడుకోండి. ఖాళీలు నింపి మీ చేతితో రాయండి.

తేదీ: ..........

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి,

మేము .......... గ్రామ మహిళా సంఘం సభ్యులం. మా ఊరి ఆశ కార్యకర్త రోజూ .......... ఇండ్లు తిరుగుతున్నారు. ఆమెకు మాస్కులు, సబ్బు, చేతి తొడుగులు ఇప్పించగలరు. ఆమెకు ఇచ్చిన డ్యూటీని కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వగలరు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వగలరు. ఆ రోజు ఆమె పని ఎవరు చూస్తారో మాకు తెలియజేయగలరు.

ఇట్లు,
సంఘం సభ్యుల సంతకాలు
(వేలిముద్రలు వద్దు)