నిర్మల జలనిధి – బైకాల్

పాఠ్యభాగ పరిచయం

ఇది శాస్త్ర విషయక వ్యాసం. రష్యా దేశంలోని బైకాల్ సరస్సు స్వరూపాన్నీ, అక్కడి మత్స్యకారుల జీవనాన్నీ, సరస్సుకు వాటిల్లిన ముప్పునూ ఈ పాఠం వివరిస్తుంది. నీటికీ, నీటిలోని ప్రాణులకూ, వాటిపై ఆధారపడిన మానవునికీ గల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

దక్షిణ సైబీరియాలో, పర్వత పంక్తుల నడుమ, నెలవంకను తలపించే ఆకృతిలో బైకాల్ సరస్సు విస్తరించి ఉంది. దీని పొడవు 636 కిలోమీటర్లు; గరిష్ఠ వెడల్పు సుమారు 80 కిలోమీటర్లు. 1,642 మీటర్ల గరిష్ఠ లోతుతో ఇది ప్రపంచంలోని సరస్సులన్నింటిలోనూ లోతైనదిగా ప్రసిద్ధి పొందింది. భూమి పైపొర చీలి, ఇరువైపులా జరుగుతున్న చోట ఏర్పడిన ఈ సరస్సు వయస్సు సుమారు 2.5 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల అంచనా. భూతలంపై గడ్డకట్టకుండా ఉన్న మంచినీటిలో దాదాపు అయిదో వంతు ఇక్కడే ఉంది. మూడు వందలకు పైగా నదులు, వాగులు దీనిలో కలుస్తాయి. దీనినుండి వెలువడేది మాత్రం అంగారా నది ఒక్కటే.

నీటి స్వచ్ఛతను కొలవడానికి శాస్త్రజ్ఞులు తెల్లని పళ్ళేన్ని తాడుకు కట్టి నీటిలోకి దింపుతారు. అది కంటికి కనిపించకుండా పోయే లోతే ఆ స్వచ్ఛతకు కొలమానం. బైకాల్‌లో ఆ పళ్ళెం 40 మీటర్ల లోతు వరకు కనిపించిన సందర్భాలున్నాయి. ఈ నిర్మలత్వానికి నీటిలో లవణాలు స్వల్పంగా ఉండడం ఒక కారణం. ఎపిషురా అనే చిన్న ప్రాణి మరొక కారణం. రొయ్యలకు దూరపు చుట్టమైన ఈ ప్రాణి పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. లెక్కకు అందనంత సంఖ్యలో ఉండే ఈ ప్రాణులు నీటిలోని నాచు కణాలనూ, సూక్ష్మజీవులనూ వడగట్టి ఆహారంగా గ్రహిస్తాయి. బైకాల్‌కే ప్రత్యేకమైన ఓముల్ చేపకు ఈ ఎపిషురాయే ముఖ్యమైన ఆహారం. అనగా, సరస్సును శుభ్రపరిచే ప్రాణే అక్కడి మత్స్యకారుని జీవనానికీ మూలాధారం.

ఓముల్ శీతల జలాలలో పెరిగే చేప. శరదృతువులో గుంపులు గుంపులుగా సెలెంగా, ఎగువ అంగారా, బర్గుజిన్ మొదలైన నదులలోకి ఎదురీది, అక్కడ గుడ్లు పెడుతుంది. వసంతంలో పుట్టిన పిల్లలు నదీ ప్రవాహం వెంట సరస్సును చేరుకుంటాయి. తీరవాసులైన బుర్యాతులకూ, రష్యన్లకూ ఈ చేప తరతరాలుగా ఆహారం, ఆదాయం కూడా. ఉప్పులో ఊరవేసిన ఓముల్, పొగబెట్టిన ఓముల్ అక్కడి అంగళ్ళలో ప్రసిద్ధమైన వంటకాలు.

జనవరి నాటికి సరస్సు గడ్డకడుతుంది. మంచు పలక సుమారు ఒక మీటరు మందాన పేరుకొనగా, దానిమీద వాహనాలు సైతం తిరుగుతాయి. అప్పుడు మత్స్యకారులు మంచుకు రంధ్రం తొలిచి, గాలం వేసి, చలికి ఓర్చి గంటల తరబడి నిరీక్షిస్తారు. బొర్మాష్ అని పిలిచే చిన్న రొయ్యజాతి ప్రాణులను రంధ్రంలోకి చల్లి, లోతులలోని చేపను పైకి ఆకర్షిస్తారు. అయితే మంచు పలకలో అకస్మాత్తుగా పగుళ్ళు ఏర్పడుతూ ఉంటాయి. అందువల్ల మంచు స్వభావాన్ని ఎరిగినవారికే ఈ వేట క్షేమకరం.

వేట హద్దు మీరినపుడు ఓముల్ తరిగిపోయింది. 1969లో ప్రభుత్వం దాని వేటను నిషేధించవలసి వచ్చింది. కొన్నేళ్ళ అనంతరం పరిమితులతో వేట తిరిగి మొదలైనా, దొంగవేట ఆగలేదు. నీటికాకులు పెరగడమూ ఈ క్షీణతకు ఒక కారణమని మత్స్యకారులు చెబుతారు. 2017 అక్టోబరులో వాణిజ్య ప్రయోజనాల కోసం ఓముల్‌ను పట్టడంపై మళ్ళీ నిషేధం వచ్చింది. శీతకాలంలో మంచుమీద గాలంతో పరిమితంగా పట్టుకొనే వీలు మాత్రం మిగిలింది. వేట తప్ప వేరొక జీవనాధారం లేని కుటుంబాలకు ఈ నిషేధం కష్టాన్ని తెచ్చింది. కాని చేపలు మిగలకపోతే ఆ కుటుంబాల సంతానానికి వేటే మిగలదు. నేటి ఆకలికీ రేపటి అవసరానికీ నడుమ ఏర్పడిన ఈ సంఘర్షణకు సులభమైన పరిష్కారం లేదు.

సరస్సు అందాన్ని చూడవచ్చే యాత్రికులు ఇర్కుత్స్క్ నగరం నుండి లిస్త్వ్యాంక గ్రామానికీ, బుర్యాతులు పవిత్రంగా భావించే శిలకు నిలయమైన ఓల్ఖోన్ ద్వీపానికీ వెళుతుంటారు. 1996లో యునెస్కో బైకాల్‌ను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆదాయంతోపాటు మురుగు కూడా తీరాన్ని చేరింది. శుద్ధి చేయని వ్యర్థజలాలు కలిసే కొన్ని చోట్ల 2010 తరువాతి సంవత్సరాలలో నాచు దట్టంగా పెరిగింది. దక్షిణ తీరంలో 1966లో ఆరంభమైన కాగితపు గుజ్జు కర్మాగారానికి వ్యతిరేకంగా సుప్రసిద్ధ రచయిత వాలెంతీన్ రస్పుతిన్ మొదలైనవారు ఏళ్ళ తరబడి గళమెత్తారు. 2013లో అది మూతపడింది. దాని వ్యర్థాలు మాత్రం గుంటలలో మిగిలిపోయాయి.

సరస్సులోని మార్పులు ఒక్క చూపుకు అందవు. ఇర్కుత్స్క్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ కొజోవ్ 1945లో బైకాల్ నీటినీ, అందులోని చిన్న ప్రాణులనూ క్రమం తప్పక పరీక్షించడం ప్రారంభించాడు. ఆయన తరువాత కుమార్తె ఓల్గా, ఆమె తరువాత మనుమరాలు ల్యుబోవ్ ఆ కృషిని కొనసాగించారు. అరవై ఏళ్ళ ఆ కొలతల ఆధారంగా, సరస్సు పైభాగపు నీరు 1946 నుండి 1.2 డిగ్రీల సెల్సియస్ మేరకు వేడెక్కినట్లు 2008లో వెల్లడయింది. మూడు తరాల ఓర్పు లేకపోతే ఈ సత్యం బయటపడేది కాదు.

కోట్ల సంవత్సరాలుగా నిలిచిన నిర్మలత్వాన్ని కాపాడుతున్నది కంటికి ఆనని ప్రాణుల నిరంతర శ్రమ. వాటి పనికి అడ్డు రాకుండా మెలగడం వలవేసే మత్స్యకారుని కర్తవ్యం, చూడవచ్చే యాత్రికుని కర్తవ్యం కూడా.

కఠిన పదాలు – అర్థాలు

జలనిధి = నీటికి నెలవైనది
నిర్మలత్వం = స్వచ్ఛత
కొలమానం = కొలత సాధనం
నిరీక్షించు = ఎదురుచూచు
క్షీణత = తరుగుదల

ప్రశ్నలు

1. బైకాల్ నీటి స్వచ్ఛతకు గల కారణాలను వివరించండి.
2. ఓముల్ వేట నిషేధం వల్ల ఏర్పడిన సంఘర్షణను చర్చించండి.
3. కొజోవ్ కుటుంబం చేసిన కృషి ప్రాముఖ్యం ఏమిటి?