లివర్ క్యాన్సర్ పరిశోధన: బ్రాడీపేట నుంచి ఎన్ని దారులు?

గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి తిరిగినా డాక్టర్ల బోర్డులు, వాటి పక్కనే కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. ఈ రెంటి మధ్య పెరిగిన పిల్లలకు వైద్యవృత్తి అంటే తెలిసిన దారి ఒక్కటే. నీట్, ఎంబీబీఎస్, మళ్లీ నీట్ పీజీ, ఆపైన సొంత ఆసుపత్రి. జబ్బు ఎందుకు వస్తుందో కనిపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనని, దానికీ జీతం, హోదా ఉంటాయని ఇంటర్ విద్యార్థికి చెప్పేవాళ్లు తక్కువ. ఆ ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఏం చేస్తారో తెలుసుకోవాలంటే మాత్రం ఖర్చులేని మార్గం ఉంది. మంచి పరిశోధకులు ఎవరినైనా ఎంచుకుని, వారి పబ్లికేషన్ల జాబితాను పాత పేపరు నుంచి కొత్త పేపరు దాకా వరసగా చదవాలి. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్‌లో ఈ జాబితాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

క్యాన్సర్, కాలేయ వ్యాధులు రెండింటిలోనూ అలా చదవదగ్గ జాబితా డాక్టర్ జనార్దన్ రెడ్డిది. హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ఎండీ చేసి అమెరికా వెళ్లారు. మొదట కాన్సస్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో, తర్వాత షికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పనిచేశారు. నార్త్‌వెస్టర్న్‌లో చాలాకాలం పాథాలజీ విభాగానికి అధిపతిగా ఉన్నారు.

ఆయన పట్టుకున్న ప్రశ్న వినడానికి చాలా చిన్నది. కొలెస్ట్రాల్ తగ్గించే క్లోఫైబ్రేట్ మందు ఇస్తే ఎలుకల కాలేయాలు బాగా పెరిగిపోతాయని 1960ల్లోనే గమనించారు. కాలేయ కణాల్లో పెరాక్సిజోమ్‌లనే సూక్ష్మ భాగాల సంఖ్య విపరీతంగా పెరిగేది. ఇలా ఎందుకు జరుగుతోంది? క్లోఫైబ్రేట్‌తో రసాయన నిర్మాణంలో ఏ పోలికా లేని మరో రెండు పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయని 1975లో ‘సైన్స్’ పత్రికలో చూపించారు. మరుసటి ఏడాది ‘క్యాన్సర్ రీసెర్చ్’లో ఇంకో అడుగు వేశారు. నాఫెనోపిన్ అనే అదే కోవ మందును దీర్ఘకాలం తిన్న ఎలుకలకు కాలేయ క్యాన్సర్ వచ్చింది. 1980లో ‘నేచర్’లో వచ్చిన పేపరు చాలా చిన్నది. అందులో ఆయనతో కలిపి ముగ్గురే రచయితలు. ఈ మందులన్నీ కలిసి క్యాన్సర్ కారకాల్లో ఒక కొత్త తరగతి అవుతాయన్నది ఆ పేపరు సారాంశం. క్యాన్సర్ తెచ్చే రసాయనం అంటే నేరుగా డీఎన్‌ఏను దెబ్బతీసేదే అన్న నమ్మకం బలంగా ఉన్న కాలమది. ఈ మందులు ఆ పని చేయడం లేదు, అయినా క్యాన్సర్ వస్తోంది.

మరి ఎలా వస్తోంది? సమాధానంలో పెద్ద ముక్క ఇంకొకరి ల్యాబులో దొరికింది. ఈ మందులు వెళ్లి అతుక్కునే రిసెప్టర్ జన్యువును 1990లో ఇంగ్లండ్‌లో ఇస్సెమన్, గ్రీన్ గుర్తించారు. దానికి పీపార్ అని పేరు పెట్టారు. రెడ్డి బృందం అక్కడితో ఆగలేదు. పెరాక్సిజోమ్‌లలో కొవ్వు ఆమ్లాలను కరిగించే ఒక ఎంజైమ్ జన్యువును తీసేసిన ఎలుకలను తయారుచేసి, 1996లో, 1998లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆ ఎలుకల కాలేయాల్లో ముందు కొవ్వు పేరుకుంది, తర్వాత వాపు వచ్చింది, చివరికి కణుతులు లేచాయి. ఇవాళ బ్రాడీపేట స్కానింగ్ సెంటర్ల రిపోర్టుల్లో తరచూ కనిపించే ‘ఫ్యాటీ లివర్’ క్యాన్సర్ దాకా ఎలా వెళ్లగలదన్న ప్రశ్నకు ఆ పేపర్లలో ఒక ఆధారం ఉంది. 2006 నాటికి ఆయన, సహచరుడు ఎం. సాంబశివరావుతో కలిసి ఫ్యాటీ లివర్ మీదే సమీక్షా వ్యాసం రాశారు. కొలెస్ట్రాల్ మందుతో మొదలైన ప్రశ్న ముప్పై ఏళ్లలో ఫ్యాటీ లివర్ దగ్గరికి వచ్చిందన్నమాట.

ఎలుకల్లో వచ్చిన క్యాన్సర్ ఈ మందులు వాడిన మనుషుల్లో అలా కనిపించలేదు. మనిషి కాలేయం వీటికి ఎలుక కాలేయంలా స్పందించదు. అందుకే ఆ కోవకే చెందిన ఫెనోఫైబ్రేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు. అలాగని ఆ పేపర్లు వృథా కాలేదు. ఎలుకల మీద వచ్చిన ఫలితాన్ని మనిషికి ఎంతవరకు అన్వయించాలన్న చర్చలో అవి దశాబ్దాలుగా మొదటి ఉదాహరణగా నిలిచాయి. పరిశోధనలోకి రావాలనుకునేవాళ్లు ఈ సంగతిని మొదట్లోనే మనసులో పెట్టుకోవాలి. మీరు వెతికింది ఒకటి, దొరికేది మరొకటి కావచ్చు. దొరికినదాన్ని నిజాయతీగా రాస్తే అది నిలుస్తుంది.

ఇంకో విషయం కూడా గట్టిగా చెప్పాలి. జనార్దన్ రెడ్డి చేసిన ఈ కృషి పాథాలజీ అనే బ్రాంచి నుంచి వచ్చింది. పీజీ కౌన్సెలింగ్‌లో రేడియాలజీ, డెర్మటాలజీ సీట్లు ముందే అయిపోతాయి. పాథాలజీలాగే ల్యాబు పని ఉండే బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ వంటివి చివరి రౌండ్ దాకా మిగులుతుంటాయి. ర్యాంకు రాక వచ్చిపడ్డామన్న చిన్నచూపుతో వాటిలో చేరేవాళ్లు ఎందరో. పరిశోధన చేయాలన్న కోరిక ఉన్నవారికి మాత్రం అవే అసలైన సీట్లు.

ఎంబీబీఎస్ సీటు రాలేదని ఆగాల్సిన పనీ లేదు. ఉస్మానియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982లో ‘నేచర్’లో ఒక పేపరుకు మొదటి రచయిత. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల అది క్యాన్సర్ జన్యువైపోయిందని చూపిన పేపర్లలో అదొకటి. 1987లో మొదలైన ‘ఆంకోజీన్’ జర్నల్‌కు వ్యవస్థాపక సంపాదకుడూ ఆయనే. బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివినవారికి ఇప్పుడు దారి ఇలా ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాసి, లేదా ఆచార్య నాగార్జున యూనివర్సిటీలో చేరి ఎమ్మెస్సీ పూర్తిచేయాలి. ఆపైన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల పీహెచ్‌డీకి తలుపులు తెరుచుకుంటాయి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, తర్వాత 42 వేలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం.

పరిశోధనకు ప్రశ్న కోసం అమెరికాకే పోనక్కర్లేదు. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో జనానికి కామెర్లు, పొట్ట ఉబ్బరం వచ్చి వందమందికి పైగా చనిపోయారు. ఊళ్లో కుక్కలు కూడా అలాగే చచ్చిపోయాయి. కుక్కలకూ అదే జబ్బు రావడం వైరస్ కన్నా తిండి మీద అనుమానం పెంచే ఆధారం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వెళ్లిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, ఆర్.వి. భట్ తదితరులు పరీక్షిస్తే కారణం బూజు పట్టిన మొక్కజొన్న అని తేలింది. దాన్ని పట్టిన బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ దర్యాప్తు 1975లో ‘లాన్సెట్’లో అచ్చయింది. అదే విషాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటి గ్రూపులో పెట్టింది. హెపటైటిస్ బి కూడా తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆ బూజు మన కల్లాల్లోనూ పుడుతుంది. కోసిన మిర్చిని నేల మీద ఆరబోస్తే, రాత్రి మంచు పడినా, అకాల వాన తడిపినా కాయ తొడిమ దగ్గర చెమ్మ నిలుస్తుంది. పట్టాలు కప్పేలోపే రంగు పోయి తాలు కాయలు వస్తాయి. లోపల విత్తనాల మధ్య మొదలైన బూజు పైకి కనిపించకపోవచ్చు. యార్డులో టిక్కీ విప్పి రంగు, ఘాటు చూసే కొనుగోలుదారుకు విషం కంటికి ఆనదు. అందుకే ఎగుమతిదారులు ల్యాబ్ రిపోర్టు అడుగుతారు. ఎండు మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. ఏళ్ల తరబడి మిర్చి మధ్య పనిచేసే కూలీల రక్తంలో ఈ విషం ఆనవాళ్లు ఎంత ఉంటాయి? వాటిని కొలిచే పద్ధతులు ఉన్నాయి. గుంటూరు మెడికల్ కాలేజీ, మంగళగిరి ఎయిమ్స్, లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం, అన్నీ బ్రాడీపేటకు గంట ప్రయాణంలోనే ఉన్నాయి. డాక్టరు, రసాయన శాస్త్రవేత్త, వ్యవసాయ పట్టభద్రుడు ఒక బల్ల దగ్గర కూర్చోవాల్సిన ప్రశ్న ఇది.

ల్యాబ్ జీవితం వద్దనుకునేవారికి కంపెనీలున్నాయి. కాలేయ క్యాన్సర్ రోగులు సొరాఫెనిబ్‌తో ఎక్కువకాలం బతికారని 602 మందిపై జరిగిన ట్రయల్ 2008లో చూపించింది. మందు తీసుకున్నవారి మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 10.7 నెలలు, మందు లేనివారిది 7.9 నెలలు. ఆ మందు నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలు పలికే రోజుల్లో, గుంటూరు జిల్లాలో పుట్టిన వి.సి. నన్నపనేని స్థాపించిన నాట్కోకు 2012 మార్చిలో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతి, వచ్చింది. ధర 9 వేల లోపుకు దిగింది. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం కట్టించింది కూడా నాట్కో ట్రస్టే. ఇలాంటి మందు రోగికి చేరాలంటే ఫార్మసీ, గణాంకశాస్త్రం, పేటెంట్ చట్టం, క్లినికల్ ట్రయల్స్ తెలిసినవాళ్లందరూ కావాలి.

ఇక మీ సొంత పబ్లికేషన్ల జాబితా సంగతి. మొదటి పేపరుకు ముందే పేరు తేల్చుకోండి. ఎం. సాంబశివరావు పబ్‌మెడ్‌లో ‘రావు ఎం.ఎస్.’ అవుతారు. అలాంటి రావులు, రెడ్డిలు అక్కడ వందలమంది. ఒకే స్పెల్లింగ్‌కు కట్టుబడి, ఉచితంగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ నంబరు తీసుకుంటే మీ పని మీ ఖాతాలోనే పడుతుంది. జాబితా చదివేటప్పుడు మొదటి పేరు, చివరి పేరు చూడండి. వైద్య పరిశోధనలో సాధారణంగా పని చేసినవారు మొదట, ల్యాబు పెద్ద చివర ఉంటారు. పని చేయనివాళ్ల పేరు చేర్చడం, చేసినవాళ్ల పేరు తీసేయడం రెండూ తప్పే. మూడు రోజుల్లో అచ్చువేస్తాం, డబ్బు కట్టండి అని వాట్సాప్‌లో సందేశం పంపే జర్నల్‌కు మాత్రం దూరంగా ఉండండి. అక్కడ పడిన పేపరు తర్వాత ఇంటర్వ్యూల్లో మీకే అడ్డమవుతుంది.

ఎంబీబీఎస్ చదువుతున్నవారికి భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ నడుపుతోంది. రెండు నెలల ప్రాజెక్టు, స్టైపెండ్, సర్టిఫికెట్ ఉంటాయి. దరఖాస్తుకు మీ కాలేజీలోనే ఒక అధ్యాపకుడు గైడ్‌గా ఉండాలి. నోటిఫికేషన్ పడ్డాక గైడ్ కోసం పరుగెత్తితే సమయం చాలదు. ఈ వారమే మీ పాథాలజీ లేదా కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి వెళ్లి, ఒక ప్రశ్న కాగితం మీద రాసిచ్చి, సార్‌నో మేడమ్‌నో అడగండి.