మీరు డ్యూటీలో ఉంటే కోళ్లను కాసేది గూడే

మన బీదర్‌లోని చిద్రిలో ఇంటి వెనక కాస్త జాగా ఉంటే చాలు, జీతానికి తోడు నాలుగు డబ్బులు వస్తాయని కోళ్ల మీదికి మనసు పోతుంది. పోనివ్వండి, తప్పేం లేదు. కానీ పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషి కోళ్లకు ఇవ్వగలిగింది రోజుకు గంట. మిగతా 23 గంటలు వాటిని కాయాల్సింది గూడే. కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా గూటికి పెట్టండి. కోళ్లు తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

మేస్త్రీని పిలిచే ముందు ఒక లెక్క వేసుకోండి. గ్రామప్రియ రకం పెట్టలు పన్నెండు, ఒక్కోటి ఏడాదికి 160 గుడ్లు పెడితే 1,920 గుడ్లు. గుడ్డు పది రూపాయలకు అమ్ముడుపోతుందనుకుంటే 19,200. ఇప్పుడు మేత చూడండి. కట్టేసి పెంచితే కోడికి రోజుకు సుమారు 110 గ్రాములు, అంటే పన్నెండింటికి ఏడాదికి 480 కిలోల పైమాటే. కిలో 30 రూపాయలు వేసుకున్నా 14,400 దాటుతుంది. మిగిలేది ఐదు వేల లోపు. అందులోంచే టీకాలు, కరెంటు, గుడ్డు మొదలయ్యే దాకా ఐదారు నెలలు ఊరికే పెట్టిన తిండి తీసేయాలి. అదే పెరట్లో మట్టి, గడ్డి, పురుగు, వంటింటి తరుగు దొరికితే మేత సగానికి తగ్గుతుంది, బేరం గిట్టుబాటవుతుంది. ప్రహరీ లోపలంతా గచ్చు చేయించి ఉంటే మాత్రం ఇంటి అవసరానికి నాలుగు కోళ్లు చాలు, వ్యాపారం మాట వదిలేయండి.

పన్నెండు కోళ్లు రాత్రి పడుకోవడానికి ఆరడుగులు బై నాలుగడుగుల గూడు సరిపోతుంది. పగలు కూడా లోపలే ఉంచేటట్టయితే దానికి రెట్టింపు జాగా కావాలి, లేకపోతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. దండెం మీద కోడికి ఎనిమిది అంగుళాల చొప్పున, నాలుగడుగుల కర్రలు రెండు వేయండి. గుడ్ల పెట్టెలు మూడు చాలు. దండెం మాత్రం పెట్టెల కంటే ఎత్తులో ఉండాలి. కోడి ఎత్తు చూసుకుని పడుకుంటుంది. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తుంది, పొద్దున మీకు దొరికేది అమ్మడానికి పనికిరాని గుడ్డు.

ఎక్కువమంది నష్టపోయేది జాలీ దగ్గర. షాపులో చవగ్గా దొరికే ఆరు మూలల కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కను బయట ఆపదు. పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. అర అంగుళం వెల్డ్ మెష్ తీసుకోండి, ఖరీదైనా సరే. దాన్ని గోడ దగ్గరే ఆపకుండా అడుగున బయటివైపు ఒక అడుగు మడిచి మట్టి కప్పండి. ముంగిసైనా పందికొక్కైనా గోడ పక్కనే తవ్వడం మొదలుపెడుతుంది, జాలీ తగిలితే ఆగిపోతుంది. రేకుకూ గోడకూ మధ్య రెండంగుళాల సందు వదిలితే మిగతా ఖర్చంతా వృథా. గొళ్లెం ఒక్కటే నమ్ముకోకండి, దానికి కొక్కెం కూడా తగిలించండి.

డ్యూటీవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పొద్దుగూకగానే కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి, పిల్లి తిరిగేదీ ఆ వేళకే. మీరు ఎనిమిదింటికి వచ్చి తలుపు వేస్తే అప్పటికే ఆలస్యం. ఆ గంటకు తలుపు వేసే మనిషి ఇంట్లో లేకపోతే గూటికి ఆనించి, పైన కూడా జాలీ కప్పిన దడి కట్టుకోవాల్సిందే.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి పడదు. బీదర్ ఎండాకాలంలో 40 డిగ్రీలు మామూలే. రేకు పైన సున్నం కొట్టి, చెరకు ఆకో జొన్న చొప్పో పరచండి. చలికాలంలో గోనెసంచులు దించండి, కానీ పైన జానెడు ఖాళీ వదలండి. పూర్తిగా మూసేస్తే రెట్ట ఘాటు కళ్లకూ ఊపిరికీ ఎక్కుతుంది. చలి కంటే అదే ఎక్కువ చెరుపు చేస్తుంది.

బుట్టలో రంగు పూసి అమ్మే పిల్లల జోలికి పోకండి. వాటిలో చాలా వరకు హేచరీలు వద్దనుకున్న పుంజులే, వాటికి టీకా గ్యారంటీ ఉండదు. గ్రామప్రియ, వనరాజా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు, గిరిరాజా బెంగళూరుది. పశువైద్య విశ్వవిద్యాలయం మన బీదర్‌లోనే ఉంది, కొనే ముందు అక్కడ అడగండి. ఉద్యోగస్తులకు రోజు పిల్లలు వద్దు, నాలుగైదు వారాలు పెంచి టీకాలు వేసినవి తీసుకోండి. కొక్కెర తెగులు టీకా సీసా ఒక్కోదాంట్లో వందకు తక్కువ డోసులు దొరకడం కష్టం, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పన్నెండు కోళ్ల కోసం ఒక్కరే కొనడం దండగ. వీధిలో కోళ్లున్న నలుగురూ ఒకే ఆదివారం పెట్టుకుని పంచుకోండి.

చిద్రిలో ఉన్నవాళ్లు మరచిపోకూడని సంగతి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. 1937 నాటి విమాన నియమాల్లో 91వది ప్రకారం విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు, అనుమతి లేకుండా, జంతువులను కోయడం, పక్షులను రప్పించే చెత్త పారేయడం నిషేధం. పేగులు, ఈకలు మోరీలో వేస్తే గద్దలు వస్తాయి, పైన శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. కాబట్టి గుడ్ల వ్యాపారం పెట్టుకోండి, కోసి అమ్మే పని ఇంటి దగ్గర పెట్టుకోకండి. గుడ్లకు పుంజు కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున పక్కింటివాళ్లతో పేచీ తప్పుతుంది.

చచ్చిన కోడిని మూడడుగుల లోతు తీసి సున్నం చల్లి పూడ్చండి. ఒకే రోజు రెండు మూడు పోతే పూడ్చే ముందు పశువుల ఆసుపత్రికి చెప్పండి. 2025 మొదట్లో చిక్కబళ్లాపుర, బళ్లారి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఇది తేలితే కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ తీసేస్తారు. పెరటి కోడి, ఫారం కోడి అని తేడా చూడరు.